దిగుడుబావి నుండి ఇంటి కొళాయి వరకు



సేద్యపు నీళ్ళ మాట మనకు రోజూ ఉన్నదే. ఏ కాలువకు ఎప్పుడు నీళ్ళు వదులుతారు, ఏ చెరువు మరవ పారింది, ఎవరి బోరు ఎండింది అని రచ్చబండ మీద నలుగురు కూర్చున్నప్పుడల్లా ఇదే మాట. తాగే నీళ్ళ సంగతి మాత్రం ఎందుకో ఆడవాళ్ళ సంగతిగా ఇంట్లోనే ఉండిపోయింది. కడవ మోసేది వాళ్ళు గనుక ఆ బరువు తెలిసింది వాళ్ళకే. కర్నూలు, కడప సీమల్లో ఇంటికి నీళ్ళు ఏయే దారుల్లో వచ్చినవి, ఇప్పుడు వీధివీధికీ గొట్టం వేసినా చివరి ఇంటికి ఎందుకు చాలకుండా పోతున్నవి అనే విషయం కాస్త వెనుకనుంచి చెప్పుకుందాం. కర్నూలు, కడప అన్నప్పుడు పాత జిల్లాల హద్దులే అనుకోండి. 2022లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు వేరుపడినవి గాని, నేలా నీరూ వేరుపడలేదు గదా.

మనకు నదులు లేకపోలేదు. తుంగభద్ర, హంద్రి, కుందు, పెన్న, పాపాఘ్ని, చెయ్యేరు, సగిలేరు అని పేర్లు చెబితే కోనసీమవాడు కూడా అసూయపడతాడు. కాని వీటిలో చాలావాటికి నీళ్ళు ఉండేది నాలుగు నెలలు. మిగతా కాలమంతా ఇసుకే. ఆ ఇసుకలోనే మన పెద్దలు చెలమలు తీసి నీళ్ళు తోడుకున్నారు. చెలమనీరు ఇసుకలో వడిసి వచ్చినది, కనుక తేటగా ఉండును. ఈనాడు ఇంజనీర్లు నది ఇసుకలో ఒరలు దింపి కట్టే ఊటబావులు, ఆ పాత చెలమను లోతుచేసి మోటారు పెట్టినవే. నదికి దూరమైన ఊళ్ళ పాట్లు వేరు. కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో బావి తవ్వితే చాలాచోట్ల నీళ్ళు ఉప్పన. పత్తికొండ, ఆలూరు వైపు గట్టిరాయి. రాతి పగుళ్ళలో ఎంత నీరు నిలిస్తే అంతే. నల్లమల అంచున మాత్రం మహానంది కోనేటివలె ఏడాది పొడుగునా పారే ఊటలు ఉన్నవి. నీరు ఒక్కచోట తేనె, పక్క ఊళ్ళో ఉప్పు. ఇదీ మన సీమ తీరు.

ఇటువంటి నేలలో నీటిని నిలుపుకోవడం ఎట్లాగని ఆలోచించినవారు ఆరువందల ఏళ్ళ కిందటే ఉన్నారు. కడప జిల్లా పోరుమామిళ్ళలో భైరవుని గుడి ఎదుట రెండు రాతిపలకల మీద ఒక శాసనం ఉన్నది. 1369వ సంవత్సరం నాటిది. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, ఉదయగిరి సీమను ఏలుతూ అక్కడ చెరువు కట్టించినాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో చెప్పినారు. రాజులు చెరువులు కట్టించి శాసనాలు వేయించడం వింత కాదు. ఈ శాసనంలో వింత ఏమంటే, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, చెరువును చెడగొట్టే ఆరు దోషాలనూ వరుసగా చెక్కించినారు. కట్టలోనుంచి నీరు కారిపోవడం ఒక దోషం. చవుడు నేల ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం ఒకటి. చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట ఉండడం ఒకటి. నీరు కొంచెమై తడపవలసిన నేల ఎక్కువ కావడం ఒకటి. నేల కొంచెమై నీరు ఎక్కువ కావడం కడపటిది. ఈ ఆరింటినీ కాస్త గుర్తుంచుకోండి. ఇంటి కొళాయి దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ వీటి పని పడుతుంది.

పన్నెండు అంగాలలో ఒకటి పనితెలిసిన మనుషుల జట్టు. దీన్ని నేను పెద్ద మాటగా ఎంచుతాను. కట్టడానికే కాదు, కట్టిన తరువాత చూచుకోవడానికీ మనిషి కావాలని మనవాళ్ళకు తెలుసు. అందుకే ఊరూరా నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు, కట్టకు బొరియ పడిందా అని చూచేది అతని పని. కళ్ళంలో అతనికి ఇంత అని మేర కొలిచి ఇచ్చేవారు.

చెరువునీరు పంటకూ పశువులకూ పోతే, మనుషులు తాగినది ఎక్కువగా బావినీరే. అందులో పేరున్నది దిగుడుబావి. రాయలసీమలో నీటిమట్టం ఏడాది పొడుగునా ఒకచోట నిలువదు. వానకాలంలో నాలుగు మెట్లు దిగితే నీరు. ఎండాకాలంలో నలభై మెట్లు దిగాలి. తాడూ గిలకా లేని బీదవాడు కూడా కడవ ముంచుకోవచ్చును. ఆ మెట్లు కట్టిన ఒడ్డెరల పనితనం ఈనాటికీ చూచి మెచ్చుకోదగినది. కాని ఆ సుఖంలోనే ఒక అపాయం దాగి ఉన్నది. కాళ్ళు కడుక్కునేదీ, గుడ్డలు జాడించేదీ, కడవ ముంచేదీ ఒక్క నీటిలోనే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1800లో నిజాం ఈ దత్తమండలాలను కుంపిణీకి ఒప్పగించినప్పుడు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. ఏడేండ్లు గుడారాలలో తిరుగుతూ ఊరూరి భూమిని కొలిపించి రైతువారీ పద్ధతికి పునాది వేసినాడు. జనం ఇష్టపడి బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. తరువాత మద్రాసు గవర్నరై, పదవి విడిచి పోయేముందు ఈ జిల్లాలను కడసారి చూచిపోవాలని మళ్ళీ వచ్చినాడు. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో వాంతిభేది తగిలి ఒక్కరోజులో చనిపోయినాడు. గవర్నరుకు వంటవారున్నారు, వైద్యులున్నారు, పటాలమున్నది. లేనిదల్లా నీళ్ళలో ఏమున్నదో ఎరిగిన మనిషి. ఆ కాలంలో వాంతిభేది చెడుగాలి వల్ల వస్తుందని ప్రపంచమంతా నమ్మినది. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు ఒక వీధి పంపు నీటికీ చావులకూ ఉన్న సంబంధం చూపెట్టినాడు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఒక చెరువునీటిలోనే ఆ రోగక్రిమిని కనిపెట్టినాడు. అంటే మన్రో పోయిన యాభై ఏడేండ్లకు.

ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం పత్తికొండలో ఒక తోపు వేయించి, చుట్టూ రాతిమెట్లతో ఒక బావి కట్టించ తలపెట్టింది. మంచి ఉద్దేశమే, దారినపోయే బాటసారికి నీడా నీరూ దొరకాలని. నీటి రోగంతో పోయిన మనిషి పేర మెట్లబావి కట్టించడమేమిటని ఈనాడు మనం అనవచ్చును గాని, అప్పటికి అంతకుమించి ఎవరికీ తెలియదు.

ఆ మెట్ల మీదుగా మన ఊళ్ళలోకి దిగిన రోగం ఇంకొకటి ఉన్నది. నారికురుపు. ఇప్పటి కుర్రవాళ్ళు పేరు కూడా విని ఉండరు. అరవై దాటినవాళ్ళను అడగండి, పిక్కమీద మచ్చ చూపెడతారు. కాలిమీద బొబ్బ లేస్తుంది, భరించలేని మంట పుడుతుంది, బొబ్బ చితికి అందులోనుంచి తెల్లని దారమువంటి పురుగు తల పెడుతుంది. రెండు మూడు అడుగుల పొడవు. లాగితే తెగి కాలు చీము పడుతుంది. అందుకని చిన్న పుల్లకు చుట్టుకుంటూ రోజుకు అంగుళమో రెండంగుళాలో వారాల తరబడి తీసేవారు. అది సరిగ్గా నాగలి పట్టవలసిన రోజుల్లో వచ్చిందా, ఆ ఏడు ఆ ఇంటికి పంట లేనట్టే. మంచంలో ఉన్న రైతు పొలాన్ని ఎవరు దున్నుతారు?

ఇది వచ్చే దారి ఇట్లా ఉంటుంది. మంట తాళలేక మనిషి చల్లగా ఉంటుందని దిగుడుబావిలో కాలు పెడతాడు. నీరు తగలగానే పురుగు వేలకొలది పిల్లలను నీటిలోకి వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే, కంటికి నలుసంత కనిపించే నీటిపురుగు మింగుతుంది. ఆ నీళ్ళు మనం కడవతో ముంచి తాగుతాము. సుమారు ఏడాదికి మన కాలిలో బొబ్బ. అంటే ఈ ఏటి రోగం పోయినేటి నీళ్ళది. అందువల్లనే కారణమేదో జనానికి పట్టుబడలేదు. కర్మ అన్నారు, దేవత కోపమన్నారు. ఫెద్‌చెంకో అనే రష్యా శాస్త్రజ్ఞుడు 1870 ప్రాంతంలో ఈ మర్మం విప్పినాడు. మన కర్నూలు వైద్య కళాశాల వైద్యులు 1960లలో ఇక్కడి పల్లెల్లోనే ఈ రోగాన్ని పరిశీలించి, తాము చూచినది 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించినారు.

ఈ రోగానికి మందు లేదు, టీకా లేదు. అయినా పోయింది. ఎట్లా పోయిందంటే, దిగుడుబావి మెట్లు మూసి, చుట్టూ గోడకట్టి, గిలక పెట్టి దాన్ని చేదబావి చేసినారు. అంతే, మనిషి కాలికీ తాగేనీటికీ పొత్తు తెగిపోయింది. మెట్లు మూయలేనిచోట నీళ్ళలో మందు కలిపినారు, చిక్కని గుడ్డలో వడగట్టి తాగమని ఇంటింటికీ తిరిగి చెప్పినారు, బోర్లు వేసినారు. 1983-84లో దేశమంతటా నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. దేశంలో చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించినాడు. 2000 సంవత్సరంలో భారతదేశం ఈ రోగం నుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మెట్లు మూసేటప్పుడు చాలా ఊళ్ళలో తగాదాలు పడ్డారనేది సహజమే. తాతల నాటి బావి, దిగి స్నానం చేసే సుఖం, తాడు కొనే ఖర్చు, ఎవరికైనా మనసొప్పదు. ఊరికి తోడు నిలిచి ఆ తగాదా తీర్చిన గ్రామసేవకులూ, ఆరోగ్య కార్యకర్తలూ ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు.

కాలువ ఊళ్ళ కథ కొద్దిగా వేరు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు నుంచి కడపదాకా సుమారు 190 మైళ్ళు తవ్విన కె.సి. కాలువ 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేపట్టిన పని. పంటకూ పడవలకూ అని తవ్వినారు. కంపెనీ నష్టపోయి, 1882లో ప్రభుత్వమే దాన్ని కొనవలసి వచ్చింది. తాగునీటి లెక్క ఆ కంపెనీ కాగితాల్లో ఎక్కడా పెద్దగా లేకపోయినా, కాలువ గట్టున ఉన్న ఊళ్ళు తాగినది ఆ నీరే. ఎర్రటి బురదనీరు తెచ్చి, కుండ లోపల చిల్లగింజ అరగదీసి, తేరుకున్నాక పైనీరు వంపుకునేవారు. పటిక తిప్పడం తరువాతి మాట. చిల్లగింజ మట్టిని దించుతుంది, అది నిజం, రోగక్రిమిని చంపదు. కాలువ కట్టేసిన నెలల్లో ఏమి తాగాలన్న ప్రశ్నకు జవాబుగా వచ్చినవే ఊరిబయట పెద్దపెద్ద వేసవి నిలవ చెరువులు. కాలువ పారేటప్పుడు నింపిపెట్టుకుంటే ఎండాకాలం గడుస్తుంది. వాటికి కంచె ఉన్నచోట నీరు బాగుంటుంది, బర్రెలు దిగేచోట బాగుండదు. ఇంతకంటే చెప్పేదేమున్నది.

1952లో వచ్చిన కరువు పెద్దవాళ్ళు మరువలేదు. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాము. వరసగా వానలు తప్పి, పంట మాట అటుంచి, తాగే నీళ్ళకే ఊళ్ళు కదిలే గతి పట్టింది. సైన్యాన్ని పిలిపించి బావులు లోతు చేయించినారు, లారీలతో నీళ్ళు తోలించినారు. తుపాకి పట్టే చేతులు మందుగుండుతో బావి అడుగు రాయిని పగలగొట్టినవి. ఆ మరుసటి ఏడు 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినది. 1956 దాకా ఆ ముచ్చట సాగింది.

బావి లోతు చేయడానికి ఒక హద్దు ఉన్నది. మనిషి దిగి రాయి కొట్టగలిగినంతే. 1966-67లో బీహారులో పెద్ద కరువు వచ్చినప్పుడు యూనిసెఫ్ సంస్థ గట్టిరాతిని గాలి ఒత్తిడితో తొలిచే యంత్రాలను మనదేశానికి తెచ్చింది. ఒక్కరోజులో వంద, నూటయాభై అడుగులు దిగిపోతుంటే ఊరంతా తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చి చూచేవారు. బోరు మీద పోత ఇనుముతో చేసిన చేతిపంపు పెట్టినారు. అవి ఒక్క కుటుంబం ఇంటి పెరట్లో వాడుకునేందుకు పుట్టిన పంపులు. వాటిమీద రెండువందల మంది పడితే ఏమవుతుంది? పిడి విరిగింది, రాడ్డు ఊడింది, తోలు అరిగింది. 1970ల నడుమ తనిఖీ చేస్తే చాలాచోట్ల పంపుల్లో ఎక్కువభాగం పనిచేయడం లేదని తేలింది. బోరులో నీరున్నా ఊరు ఎండింది. పంపు తీరే మార్చాలని ఉక్కుతో, గొలుసు పిడితో, నలభై అయిదు మీటర్ల లోతునుంచి తోడగలిగినట్టుగా చేసినదే ఇండియా మార్క్ టూ. మన ఊళ్ళలో బోరింగు అంటే గుర్తుకొచ్చే ఆ మూడుకాళ్ళ పంపు అదే. నిమిషానికి సుమారు 12 లీటర్లు ఇస్తుంది. అయితే అది బతికింది ఉక్కు వల్ల మాత్రమే కాదు. ఊళ్ళో ఒకరికి నట్లు బిగించి గ్రీజు పెట్టడం నేర్పి, వాళ్ళ చేతికి కాని పనికి మండలంలో మెకానిక్కు, అతనికీ కాకపోతే జిల్లానుంచి బండి, ఇట్లా మూడంచెల ఏర్పాటు చేసినచోట బతికింది. నీరుగంటి మళ్ళీ వచ్చినాడు, ఈసారి చేతిలో స్పానరుతో.

బోరు లోతుకు పోయేకొద్దీ ఇంకో చిక్కు పైకి వచ్చింది. రాతిలో ఎన్నో ఏండ్లుగా నానిన నీటిలో ఫ్లోరైడు కలిసి ఉంటుంది. పిల్లల పళ్ళు గారపట్టడం, పెద్దల నడుము, మెడ బిగుసుకుపోవడం దాని గుర్తులు. మనదేశంలో దీన్ని మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించినారు. మన కర్నూలు, కడప జిల్లాల్లోనూ కొన్ని ఊళ్ళకు ఈ బాధ ఉన్నది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీరు తాగరాదు. కాచితే పోతుందనుకునేవారున్నారు. పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కనవుతుంది. బోరునీటిని ఒకసారి పరీక్ష చేయించి, ఆ చీటీని పంచాయతీ గోడకు అంటించడం కష్టమైన పనేమీ కాదు.

ఇక కొళాయి దగ్గరికి వద్దాం. పెద్ద ట్యాంకు కట్టి, గొట్టాలు వేసి, మొదట వీధికొళాయిలు, తరువాత ఇంటింటి కొళాయిలు వచ్చినవి. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇంటి దగ్గరే అందాలి. గొట్టం వచ్చింది సరే. ట్యాంకు పక్క ఇంట్లో నీళ్ళు ధారగా పడతాయి. ఊరి చివర మిట్టమీది ఇంట్లో బిందె కింద కూర్చుంటే బొట్టు బొట్టు. "ట్యాంకు నిండా నీళ్ళుంటే మాకెందుకు రావప్పా?" అని అక్కడివాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్న.

నీళ్ళు జోరుగా రావడం ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నవనే దానిమీద ఆధారపడదు. ఎంత ఎత్తున ఉన్నవి అనేదే లెక్క. పదిమీటర్ల ఎత్తున నిలిచిన నీరు కింద చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు తోపునిస్తుంది. ఆ నీరు బిందెడైనా ఒకటే, చెరువంత అయినా ఒకటే. ట్యాంకు నేలకు పన్నెండు మీటర్ల ఎత్తున ఉన్నదనుకోండి. మిట్టవీధి ఆ నేలకంటే ఆరు మీటర్లు ఎత్తు. అప్పుడే సగం తోపు పోయింది. మిగిలిన ఆరు మీటర్లలో గొట్టంలో పారేటప్పుడు ఒరుసుకునే రాపిడి కొంత తినివేస్తుంది. నీరు పల్లమెరుగు అన్నారు గదా. పల్లపు వీధిలో కొళాయిలన్నీ తెరిచి ఉంటే మిట్టవీధికి మిగిలేది గాలే. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన నడిమి మిట్ట ఇదే. నీరు కొంచెమై తడపవలసిన నేల ఎక్కువ కావడమన్నది, ఒక్క గొట్టానికి లెక్కకు మించి కొళాయిలు తగిలించడం. కట్ట కారడం అంటే పగిలిన గొట్టం. చవుడు అంటే ఉప్పుబోరు. పొలిమేర తగాదా అంటే రెండు ఊళ్ళకు ఒక్క పథకం పెట్టి తాళంచెవి ఒకరి దగ్గరే ఉంచడం. అన్నిటికీ పోలిక కుదురుతున్నది. నేను కుదిర్చినది కాదు సుమా.

గొట్టపు లావు సంగతి చాలామంది లెక్కచేయరు. అదే నీటిని సగం లావున్న గొట్టంలో పంపితే రాపిడి రెట్టింపు కాదు, సుమారు ముప్పై రెట్లు. ఖర్చు తగ్గుతుందని చివరి వీధికి సన్నగొట్టం వేసినచోట ట్యాంకు ఎంత ఎత్తు కట్టినా ప్రయోజనం ఉండదు. మిట్టమీద గొట్టంలో గాలి చిక్కుకుని నీటికి అడ్డుపడుతుంది. అక్కడ గాలి పోయే వాల్వు పెట్టాలి.

నీళ్ళు రాకపోతే మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం కొళాయి గొట్టానికే మోటారు తగిలించడం. ఒకరు పెడితే పక్కవారికి రావు, వారూ పెడతారు, చివరికి మోటారు లేనివాడికి చుక్క రాదు. ఇది అన్యాయమొక్కటే అయితే పంచాయతీలో తీర్చుకోవచ్చును. అపాయం ఇంకొకటి. మోటారు పీల్చేటప్పుడు గొట్టంలో తోపు పోయి, తిరగబడి లోపలికి గుంజే శక్తి పుడుతుంది. మురుగుకాలువ పక్కన గొట్టానికి చిన్న పగులు ఉంటే, ఆ మురుగు గొట్టంలోకి పోతుంది. పత్తికొండలో గవర్నరును తీసుకుపోయిన రోగానికి ఇప్పుడు మెట్లు అక్కరలేదు, ఈ పగులు చాలు. నీళ్ళు గంటసేపు వదిలి ఇరవైమూడు గంటలు కట్టేసే ఊళ్ళలో, మోటారు లేకపోయినా ఈ భయం కొంత ఉండనే ఉంటుంది. 2009 అక్టోబరులో కర్నూలు పట్టణం వరదలో మునిగినప్పుడు చుట్టూ నీరే ఉన్నా తాగడానికి బిందెడు మంచినీళ్ళు దొరకలేదు. మురుగు కలిసిన నీరు ఎంత ఉంటేనేమి.

మరి చేయవలసినది ఏమిటి? ఊరి గొట్టాలను మిట్ట, పల్లం అని వాల్వులతో విడగొట్టి, పల్లం కట్టేసి ముందు మిట్టవీధికి విడిగా వదలాలి. పల్లపు కొళాయిలకు నీరు పట్టి వదిలే సన్నబిళ్ళ వేస్తే అవి ఒక్కటే మొత్తం తాగివేయవు. చివరి గొట్టాన్ని మొండిగా వదలక పక్కవీధి గొట్టంతో కలిపితే నీరు రెండువైపులనుంచి వస్తుంది. ఇంటివారు చేయగలిగినదీ ఉన్నది. నిలువెత్తున ఉన్న కొళాయిని మోకాలి ఎత్తుకు దించండి. ఒక్క మీటరు తోపు ఊరకే కలిసి వస్తుంది. స్థోమత ఉంటే నేలమట్టానికి కింద, మన కడప బండలతోనో బేతంచెర్ల బండలతోనో తొట్టి కట్టి, సందులు సిమెంటుతో మూసి, మూత వేసి, కొళాయి నీరు దానంతట అదే అందులో పడేట్టు చేయండి. తేలే బంతి వాల్వు పెడితే నిండగానే నిలిచిపోతుంది. నేల కొంచెమై నీరు ఎక్కువైన ఆరో దోషమూ తీరుతుంది. మోటారు పెట్టుకోవాలంటే ఆ తొట్టికి పెట్టుకోండి, ఊరి గొట్టానికి కాదు. మంచాలకింద తాగేనీటి కుండలో చేయిపెట్టి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీయండి. నారికురుపు రోజుల్లో నేర్చిన వడగట్టే గుడ్డను కూడా పారేయకండి.

వాల్వు తిప్పే మనిషి సంగతి మరువరాదు. అతనికి జీతం నెలనెలా అందుతుందా, తాళంచెవి అతని దగ్గర ఉంటుందా, ఏ వీధికి ఎప్పుడు వదలాలో కాగితం మీద ఉందా? నీరుగంటికి మేర ఎగ్గొట్టిన ఊళ్ళో చెరువు ఎన్నాళ్ళు నిలిచింది?

ఒక లెక్క చెబుతాను, మీ ఊళ్ళో వేసి చూడండి. అయిదుగురున్న ఇంటికి మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 275 లీటర్లు కావాలి. నీళ్ళు వదిలేది గంట అయితే, నిమిషానికి నాలుగున్నర లీటర్లకు పైగా పడాలి. అంటే పదిహేను లీటర్ల బిందె సుమారు మూడు నిమిషాల పావుకు నిండాలి. ట్యాంకు పక్క ఇంట్లో ఒకసారి, మిట్టవీధి చివరి ఇంట్లో ఒకసారి, గడియారం చూచి బిందె నింపండి. నీళ్ళలో క్లోరిన్ చూచే చిన్న పెట్టె పంచాయతీలోనో ఆరోగ్య కార్యకర్త దగ్గరో ఉంటుంది. చివరి ఇంటి నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాము అయినా రంగు చూపాలి. చూపకపోతే దారిలో ఎక్కడో మురుగు కలుస్తున్నదేమో వెదకాలి. రెండు ఇళ్ళ నిమిషాలూ, రంగూ, తేదీ వేసి ఒక చీటీమీద వ్రాయండి. వారం రోజులు వ్రాసిన తరువాత ఆ చీటీ పట్టుకుని గ్రామసభకు పోండి. చివరి ఇంటి ఆడమనిషిని కూడా వెంటబెట్టుకుని పోండి, బిందె నింపినది ఆమే గనుక.